పాత ఊరిల్లు: ఏడాదికొక పనిగా బాగు చేసుకునే పద్ధతి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తాతల నాటి ఇంటికి తాళం వేసి పట్నంలో స్థిరపడినవారు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఈ ఇంటిని కూల్చకుండా నిలబెట్టుకోవచ్చా, నిలబెట్టుకోవాలంటే ముందు ఏ పని చేయించాలి అన్నదే ఆ ప్రశ్న. చాలా ఇళ్లను నిలబెట్టుకోవచ్చు, కాకపోతే అది ఒక్క ఎండాకాలంలో తెమిలే పని కాదు. మట్టి గోడల ఇల్లయినా, రాతి గోడల ఇల్లయినా వయసు మీరి కూలడం అరుదు. నీళ్లు చేరడం వల్లనే కూలుతుంది. కాబట్టి పనుల వరుస నీళ్ల వెంటే నడవాలి. ముందు గోడల మొదట్లో నిలిచే నీళ్లను, తరువాత కప్పులోంచి దిగే నీళ్లను, ఆ తరువాత గోడలో ఎక్కే తడిని చూసుకొని, గచ్చు, రంగులు, స్నానాల గది వంటివాటిని చివరకు పెట్టుకోవాలి. ఈ వరుసను తలకిందులు చేసి మొదటి ఏడాదే టైల్సు పరిపించినవారు నాలుగో ఏడాది కప్పు విప్పవలసి వచ్చి, ఆ టైల్సు మీదే మట్టి కుప్పలు పోయించుకోవడం ఊరూరా కనిపిస్తుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఒక నోటు పుస్తకం, టేపు, దారం గుండు, పారదర్శకమైన నీళ్ల పైపు. మట్టాలు చూడడానికి పది మీటర్ల పైపు చాలు.
- సన్నని స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, మంచి టార్చిలైటు.
- మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు. పాత పెంకల కుప్పల్లో, రాళ్ల సందుల్లో తేళ్లు, కట్లపాములు, రక్తపింజరలు ఉంటాయి గనుక ఇవి లేకుండా ఏ కుప్పనూ కదిలించవద్దు. దగ్గరలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉంటుందో ముందే కనుక్కొని ఉంచండి.
- ఇంటి పన్ను రసీదు, పాలివాళ్లందరి వ్రాతపూర్వక అంగీకారం. గ్రామకంఠం (ఊరి ఇళ్ల కోసం వదిలిన) భూమిలోని ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడిదైతే, డబ్బు పెట్టిన తరువాత మాట్లాడుకోవడం కంటే ముందు మాట్లాడుకోవడమే అందరికీ మంచిది.
- మిద్దె (మట్టి కప్పు) పని, డంగు సున్నం (ఇసుకతో కలిపి నూరిన సున్నం) పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఒకరు. ఇప్పుడు అలాంటివారు తక్కువగా దొరుకుతారు. పనికి రాలేని వయసులో ఉన్నా సరే, వారిని కుర్చీలో కూర్చోబెట్టి కుర్ర మేస్త్రీల చేత చేయించండి. ఆ కూలి వృథా పోదు.

1. ఒక వానాకాలం ఇంటిని గమనించండి

మొదటి ఏడాది కూలిపోయేలా ఉన్న భాగానికి ఊతమివ్వడం తప్ప మరే పనీ పెట్టుకోవద్దు. మృగశిర కార్తె నుంచి దసరా దాకా, వీలైతే గట్టి వాన పడుతున్నప్పుడే ఇంట్లో ఉండి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో, ఏ అర్రలో (గదిలో) ఏ మూల కారుతోందో పుస్తకంలో ఇంటి పటం గీసి గుర్తులు పెట్టండి. ఎండాకాలంలో గోడ మీద కనిపించే మరక పాతదో కొత్తదో చెప్పడం కష్టం. వానలో అయితే ఆ సందేహానికి తావుండదు.

గోడ పగుళ్ల సంగతి కూడా ఈ ఏడాదే తేల్చుకోవాలి. పగులుకు అడ్డంగా బొటనవేలంత వెడల్పున జిప్సం పట్టీ వేసి, దాని మీద తేదీ రాయండి. సంవత్సరం తిరిగేసరికి పట్టీ చెక్కుచెదరకుండా ఉంటే ఆ పగులు పాతది, దానిని పూడ్చుకుంటే సరిపోతుంది. పట్టీ చీలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. రేగడి నేల మీది ఇళ్లలో వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే మట్టి వల్ల పగుళ్లు కాలాన్ని బట్టి తెరుచుకొని మూసుకుంటాయి. ఎర్ర ఇసుక కలిసిన చెల్క నేలలో అటువంటి కదలిక తక్కువ కాబట్టి, అక్కడ పట్టీ చీలితే పునాదిలోకి నీళ్లు పోతున్నాయేమో వెంటనే చూడాలి.

2. నీళ్లను గోడల నుంచి దూరం చేయండి

ఈ పనికి అయ్యే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయినా అందరూ దాటేసేది దీన్నే.

ముందుగా గోడను ఆనుకొని పేరుకున్న మట్టిని, పెంటను, కూలిన పెంకలను తీసివేయించండి. ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి వల్ల చాలా ఇళ్లలో పునాది రాళ్లు కనిపించకుండా పోయి, మట్టి గోడే నేరుగా తడి నేలను తాకుతూ ఉంటుంది. రాతి కట్టు పైవరుస బయట పడేదాకా తవ్వించాలి గానీ, అంతకంటే లోతుకు పోయి పునాది కింది మట్టిని కదిలించవద్దు.

తరువాత గోడ చుట్టూ రెండడుగుల వెడల్పున బండలు పరిపించి, గోడ వైపు ఎత్తుగా, బయటి వైపు ఒక అంగుళం పల్లంగా వాలు పెట్టించండి. తాండూరు బండలో షాబాద్ బండలో చాలు, నున్నటివి అక్కరలేదు. బండల కింద సిమెంటు కాంక్రీటు పోసి గోడకు అతికించవద్దు. నేలలోని తడి బయటికి రావడానికి దారి లేక గోడలోకి ఎక్కుతుంది.

మన ఊళ్లలో ఈ మధ్య వచ్చిన ఇబ్బంది సీసీ రోడ్డు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తూ పోవడంతో వీధి ఎత్తు పెరిగి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయే గడప ఇప్పుడు వీధి కంటే పల్లమైన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. నీళ్ల పైపుతో వీధి మట్టాన్ని, వాకిలి మట్టాన్ని పోల్చి చూడండి. వాకిలే పల్లంగా ఉంటే దర్వాజ ముందు బండతో అడ్డు గట్టు కట్టించి, వాకిలి నీళ్లు పెరటి వైపు పోయేలా మోరీ తీయించాలి. మట్టి నింపి వాకిలిని ఎత్తు చేస్తే చాలదా అని అడిగేవారున్నారు. లోపలి అర్రల నేల వాకిలి కంటే కనీసం జానెడు ఎత్తున ఉంటేనే అది పనికొస్తుంది, లేకపోతే నీళ్లు నేరుగా ఇంట్లోకే వస్తాయి.

పని సరిగా జరిగిందో లేదో తెలియాలంటే గోడ మొదట్లో నాలుగు బిందెల నీళ్లు ఒక్కసారి కుమ్మరించి చూడండి. కొద్ది నిమిషాల్లో ఆ నీళ్లన్నీ మోరీ చేరాలి, ఎక్కడా మడుగు మిగలకూడదు.

3. దూలాలు, దంతెలు, మొగురాలను పరీక్షించండి

కప్పు ముట్టుకునే ముందు దానిని మోసే కర్రను, అంటే దూలాలను, వాటి మీద అడ్డంగా పరిచిన దంతెలను, దూలాల కింది మొగురాలను (కర్ర స్తంభాలను) చూడాలి. సుత్తితో ప్రతి దూలాన్నీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తట్టండి. గట్టి కర్ర గణగణమంటుంది, చెదలు తిన్నది డొల్లగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవరు దించండి. అర అంగుళం లోతుకు సులువుగా దిగితే ఆ భాగం పోయినట్లే. దూలం గోడలోకి దిగిన చోటును వదలకుండా చూడండి, ఎందుకంటే తడి, చెదలు రెండూ అక్కడే మొదలవుతాయి. నడుమ భాగం చూసి గట్టిగా ఉందనుకోవడం, గోడలోని చివర కుళ్లి ఉండడం మామూలుగా జరిగే పొరపాటు.

దూలం వంపును కొలవడానికి దాని అడుగున రెండు చివరలా మేకులు కొట్టి దారం బిగించండి. పది అడుగుల దూలం అర అంగుళం వంగి ఉండడం పాత ఇళ్లలో వింత కాదు. ఆ కొలత ఏటేటా పెరుగుతోందా అన్నదే అసలు విషయం, అందుకే దానిని పుస్తకంలో రాసి పెట్టాలి.

చివర మాత్రమే పోయిన దూలాన్ని పారేయనక్కరలేదు. గోడ పక్కనే కొత్త మొగురమో రాతి స్తంభమో నిలబెట్టి గట్టి భాగం కింద ఊతమిస్తే సరిపోతుంది. పూర్తిగా పోయినవాటికి బదులు టేకు దొరికితే మంచిది, లేకపోతే ఎండిన నల్లమద్ది, వేప వాడవచ్చు. నల్లగొండ ప్రాంతంలో ముదురు తాటి దూలాలు కూడా బాగా నిలుస్తాయి, అయితే తాటికి పై పొరే గట్టిది గనుక లేత చెట్టు కర్రను తీసుకోవద్దు. గోడలోకి పోయే చివరలకు జీడి నూనె రెండు పూతలు పూసి ఆరనివ్వండి. చర్మానికి తగిలితే అది బొబ్బలెక్కిస్తుంది కాబట్టి తొడుగులు తప్పనిసరి. చెదల మందు కొట్టిస్తే డబ్బా మీద రాసిన పాళ్లను మించవద్దు, చేదబావి దగ్గరి నేలలో అసలే పోయించవద్దు.

4. కప్పు

కప్పు పని శివరాత్రి తరువాత మొదలుపెట్టి, రోహిణి కార్తె లోపల ముగించాలి. ఏప్రిల్, మే నెలల గాలివానలను దృష్టిలో పెట్టుకొని ఒక్కో అర్రనే విప్పి, దానిని కప్పిన తరువాతే మరో అర్ర విప్పించండి.

మిద్దె ఇల్లయితే: దూలాల మీద దంతెలు, వాటి మీద చెక్కలు లేదా బండలు, ఆపై వావిలి మండలు, మట్టి, అన్నింటి కంటే పైన చౌడు మన్ను ఉంటాయి. చౌడులోని ఉప్పు గుణం వల్ల దాని సన్నని రేణువులు తడికి విడిపోయి సందులను పూడ్చుతాయి, అందుకే అది నీటిని ఆపుతుంది. ఏటా వానలకు ముందు పలుచగా చౌడు చల్లడం పెద్దల అలవాటు. ఆ అలవాటు మంచిదే, కానీ పాతది తీయకుండా యాభై అరవై ఏళ్లు చల్లుతూ పోయిన మిద్దెల మీద మట్టి అడుగు మందం దాటి ఉంటుంది. ఒక ఘనపుటడుగు పొడి మట్టి 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న అర్ర మీద అడుగు మందం మట్టి అంటే ఐదారు టన్నుల బరువన్నమాట, వానకు తడిస్తే ఇంకా ఎక్కువ. దూలాలు వంగడానికి కారణం చాలా ఇళ్లలో ఇదే.

అందుచేత మొదట లోపల సర్వి కర్రలతో ప్రతి దూలానికీ ఊతమిచ్చి, పైనుంచి పాత మట్టిని పలుచని పొరలుగా, రెండు వైపుల నుంచీ సమానంగా తీయించండి. తీసిన మట్టిని మిద్దె మీదే ఒక మూల కుప్ప పోయడం ప్రమాదం, ఎప్పటికప్పుడు కిందికి దించాలి. మండలు కుళ్లి ఉంటే మార్పించి, నాలుగంగుళాల మట్టిని తడిపి దిమ్మెసతో కొట్టించి, రెండంగుళాల చౌడు పరిపించండి. పదడుగులకు రెండంగుళాల వాలు దోనెల (నీళ్లు బయటికి జారే తూముల) వైపు ఉండాలి. దోనెలు గోడకు మూరెడు దూరం దాకా బయటికి పొడుచుకొని రావాలి, పొట్టి దోనె నుంచి జారిన నీళ్లే కింది గోడను తినేస్తాయి.

మిద్దె మీద నేరుగా కాంక్రీటు పోయించమని సలహా ఇచ్చేవారు ఎదురవుతారు, ఆ మాట వినవద్దు. ఆ బరువుకు దూలాలు ఆగవు, పైగా కాంక్రీటు పగిలిన చోట దిగిన నీళ్లు మట్టిలోనే ఉండిపోయి లోపల్లోపల కర్రను కుళ్లబెడతాయి. ప్రతి ఏడూ చౌడు చల్లించే మనిషి ఊళ్లో దొరకకపోతే, మట్టి మందం తగ్గించి దాని మీద ఎత్తుగా ఇనుప చట్రం వేసి రేకులు కప్పించడమే మేలు. చూడడానికి అంత బాగుండదు, కానీ ఇల్లు నిలుస్తుంది.

పెంకుటిల్లయితే: గూన పెంకకు ఇప్పుడు వానల కంటే కోతులే పెద్ద శత్రువులు. పెంకలు సర్దించిన వారానికే గుంపు వచ్చి పీకి పోసిన ఇళ్లు లెక్కలేనన్ని. కప్పు మీదికి వంగిన చెట్టు కొమ్మలను నరికించి, బెంగళూరు పెంకను వాడి, అంచు వరుసలను, వెన్ను వరుసను రీపర్లకు తీగతో కట్టించండి. గూన పెంకనే ఉంచుకోవాలనుకుంటే, వాసాల మీద పలుచని రేకు పరిపించి దానిపై పెంక వేయించడం ఒక దారి. అప్పుడు పది పెంకలు పోయినా ఇల్లు కారదు. కూలిన ఇళ్ల నుంచి దొరికిన పాత పెంకలను వదలకండి, అయితే ఒక్కొక్కటిని వేలితో మీటి, మోగనిదాన్ని పక్కన పెట్టండి. పాత సిమెంటు రేకులు ఉంటే వాటిని కోయించవద్దు, పగలగొట్టించవద్దు. వాటిలోని ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు కనుక తడిపి, మేకులు ఊడదీసి, ముక్కలు కాకుండా దించాలి.

కప్పు ముగిశాక ఒక మనిషిని లోపల టార్చితో నిలబెట్టి, పైన అరగంట సేపు పైపుతో నీళ్లు కొట్టించండి. కారిన చోట సుద్దతో గుర్తు పెట్టి, మేస్త్రీ కూలి పూర్తిగా ఇచ్చేలోపే సరిచేయించాలి.

5. గోడలు

గోడ పని దీపావళి తరువాత మొదలుపెట్టి శివరాత్రి లోపల ముగించుకోవడం మేలు. మే నెల ఎండలో పూసిన పూత త్వరగా ఎండి పగులుతుంది.

అందరూ అడిగే మాట: సిమెంటు పూయించవచ్చా? మట్టి గోడకు పూయించవద్దు. మట్టి గోడ నేల తడిని కొంత పీల్చి, గాలికి వదులుతూ ఉంటుంది. సిమెంటు పూత ఆ తడిని లోపలే బంధిస్తుంది. రెండు మూడు వానాకాలాలు బాగానే కనిపించి, తరువాత పూతంతా పలకలు పలకలుగా ఊడి, వెనక గోడ పొడిగా రాలుతుంది. ఇదివరకే సిమెంటు పూసి ఉంటే, డొల్లగా మోగిన మేరకు నెమ్మదిగా తీయించండి. గట్టిగా పట్టుకున్న చోట లాగితే గోడ కూడా వెంట వస్తుంది కనుక దానిని అలాగే ఉంచాలి.

మట్టి గోడకు మట్టి పూతే సరైనది. ఎర్రమన్ను సరిపోతుందో లేదో తెలియడానికి గాజు సీసాలో మూడో వంతు మన్ను, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, దాని పైన ఒండు, అన్నిటికంటే పైన బంకమన్ను పొరలుగా తేరుతాయి. బంక మరీ ఎక్కువగా ఉంటే ఇసుక కలపాలి. ఎంత కలపాలో గోడే చెబుతుంది. ఒక వంతు మన్నుకు ఒకటి, ఒకటిన్నర, రెండు వంతుల ఇసుక చొప్పున మూడు మిశ్రమాలు చేసి, గోడ మీద అడుగు చదరపు ముక్కలుగా పూసి వారం ఆగండి. పగిలినదానిలో ఇసుక తక్కువ, చేత్తో రుద్దితే రాలేదానిలో ఇసుక ఎక్కువ. కుదిరిన మిశ్రమంలో వరిగడ్డి ముక్కలు, ఊక, పేడ కలిపి, నీళ్లు చల్లుతూ వారం పది రోజులు మురగనిచ్చి, తొక్కించి వాడాలి. పాత గోడను ముందుగా తడపకుండా పూస్తే పూత పట్టదు.

రాతి గోడల సందులకు డంగు సున్నం వాడండి. ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక సరిపోతుంది. కాల్చిన సున్నపు గడ్డలను నీళ్ల తొట్టిలో కొద్దికొద్దిగా వేయాలి, గడ్డల కుప్ప మీద నీళ్లు కుమ్మరించకూడదు. ఉడికే సున్నం చిమ్మి కంట్లో పడితే చూపు పోవచ్చు. పిల్లలను ఆ ఛాయలకు రానివ్వవద్దు, కంట్లో పడితే ధారగా నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. విరిగిన సున్నాన్ని కనీసం మూడు వారాలు నీళ్ల కింద నాననిచ్చాకే ఇసుకతో కలిపి గానుగలోనో రోట్లోనో నూరించండి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపే పద్ధతి తెలిసిన మేస్త్రీ ఉంటే ఆయన చెప్పిన పాళ్లలోనే కలపనివ్వండి. పూత తరువాత వారం పది రోజులు తడిగోనెలు కప్పి ఉంచాలి. చివరి వెల్లలో తుమ్మబంక కలిపితే చేతికి అంటదు.

గోడల సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను పైన కోస్తే మళ్లీ చిగురిస్తాయి. చుట్టుపక్కల రాళ్లు కొన్ని విప్పైనా వేరుతో సహా తీసి, అదే రోజు సున్నంతో పూడ్పించండి.

6. నేల, కరెంటు, మరుగుదొడ్డి

గోడలు ఒక వానాకాలం పొడిగా నిలిచాకే నేల పని పెట్టుకోండి. పాత బండలకు అంకెలు వేసి తీసి, కింద ఇసుక పరిపించి, అవే బండలను తిరిగి వేయించుకుంటే ఖర్చు సగం మిగులుతుంది. కరెంటు పాత తీగలన్నీ మార్పించి, ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. తడి గోడల ఇంట్లో ఇది తప్పదు. మరుగుదొడ్డి గుంతలు చేదబావికి కనీసం 50 అడుగుల దూరంలో, బావి కంటే పల్లంలో ఉండాలి.

7. చేదబావి, తాగునీళ్లు

ఏళ్లుగా వాడని బావిలోకి ఎవరినీ నేరుగా దించవద్దు. అడుగున చెడు గాలి నిలిచి ఉంటుంది. వెలిగించిన లాంతరు దించి చూడడం పాత పద్ధతి. దీపం ఆరిపోతే దిగకూడదన్నది ఖాయం, కానీ ఆరనంత మాత్రాన ప్రమాదం లేదని చెప్పలేము. నడుముకు మోకు కట్టి, పైన ఇద్దరు మనుషులు ఉండి, బ్లోయరుతో గాలి కొట్టించాకే దింపాలి. డీజిల్ ఇంజనును బావిలోపల నడిపించవద్దు.

పూడిక తీసి, ఊరిన నీళ్లను ఒకసారి తోడి పోసిన తరువాత బ్లీచింగు పౌడరు వేయాలి. మామూలు మోతాదు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. ఆరడుగుల వ్యాసం, పదడుగుల లోతు నీళ్లున్న బావిలో సుమారు 8,000 లీటర్లు ఉంటాయి కనుక 20 గ్రాములు సరిపోతుంది. బకెట్టులో కలిపి, తేరిన నీళ్లనే బావిలో పోసి, గంట గడిచాక వాడుకోవాలి.

ఇలా చేసినా పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడు నీళ్లలోంచి పోదు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు వారికి దీని సంగతి చెప్పనక్కరలేదు, పటికతో సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే స్థిరపడింది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటని నీళ్లు మంచివి, వేరే ఆధారం లేకపోతే ఒకటిన్నర దాకా అనుమతి ఉంది. నీళ్లను కాచడం వల్ల ఫ్లోరైడు తగ్గకపోగా చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఎక్కువగా ఉంటే బావి నీళ్లను స్నానాలకు, చెట్లకు ఉంచుకొని, తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లో వాన నీళ్లో వాడండి. వెయ్యి చదరపుటడుగుల పెంకుటింటి మీద 600 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు నష్టం పోను 44,000 లీటర్లు చేతికి వస్తాయి. నలుగురికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్ల లెక్కన ఎనిమిది నెలలకు 4,800 లీటర్లు చాలు, కాబట్టి 6,000 లీటర్ల తొట్టికి మించి కట్టించడం అనవసరం. తొలి వానలను తొట్టిలోకి పోనివ్వకుండా బయటికి వదలాలి. చౌడు మిద్దె నీళ్లు మాత్రం తాగడానికి పనికిరావు.

8. పెరడు, ఇంటికి తాళం వేసే రోజులు

వేప, చింత వంటి పెద్ద చెట్లను గోడకు ముప్పై అడుగుల లోపు నాటవద్దు. సీతాఫలం ఈ నేలలో నీళ్లు పోయకున్నా బతుకుతుంది, నిమ్మకు స్నానాల నీళ్లు మళ్లించవచ్చు. ఏ పండ్ల చెట్టయినా కోతులను రప్పిస్తుంది కాబట్టి ఇంటికి వీలైనంత దూరంగా, పెరటి చివరన ఉండడమే నయం.

ఇంటికి తాళం వేసి పట్నానికి పోయేటప్పుడు మెయిన్ స్విచ్చి కట్టేసి, తాళం చెవి నమ్మకమైన మనిషికి ఇచ్చి, వారానికి ఒకసారి తలుపులు, కిటికీలు తెరిపించండి. దోనెల్లో ఆకులు తీయించడం, గోడల వెంట చెదల పుట్టలను గీరి చూడడం కూడా ఆ మనిషికే అప్పగించి నెలనెలా ఇంత అని ఇవ్వండి. ఊరికే చేసి పెట్టమని అడిగితే మూడు నెలల తరువాత ఎవరూ తలుపు తీయరు.